సాయంత్రం ఆరుగంటల మాట

ఆ ఏడాది మా పడవకు ఒడ్డు మీద దొరికింది ఎనిమిది రోజులే. వేట నిషేధం ఉన్న రెండు నెలల్లోనే రేవులోని పడవలన్నీ మరమ్మతు చేయించుకోవాలి. ఇసుక మీదికి లాగే చోటు చూస్తే ఒక్కటే. మా వంతు అందరికంటే ఆఖరున వచ్చింది. మామూలుగా అయితే మూడు వారాలు పట్టే పని అది. అడుగంతా గీకాలి, పలకల సందుల్లో నూలు కూరాలి, తారు పూయాలి, ఎండనివ్వాలి.

ఆ పడవను తాత కట్టాడు. కాగితం మీద గీత ఒక్కటీ గీయకుండా, జానలతోనూ తాడు ముక్కతోనూ కొలిచి కట్టాడట. ఆయన పోయాక నాన్న సరంగు అయ్యాడు, చుక్కాని ఆయన చేతికి వచ్చింది. ఇంజన్ బాబాయిది. వాళ్ళిద్దరూ పోట్లాడుకోని రోజు లేదు, ఒకళ్ళను విడిచి ఇంకొకళ్ళు అన్నం తిన్న రోజూ లేదు.

అయిదో రోజు పొద్దున బాబాయి పడవ వెనక భాగం కింద వెల్లకిలా పడుకుని చూస్తున్నాడు. నేను తారు డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"అన్నయ్యా, ఒకసారి ఇటు రా. చూడు, గోరు దిగిపోతోంది."

నాన్న వంగి చూశాడు. "ఎన్ని పలకలు?"

"రెండు. మార్చాల్సిందే. వడ్రంగి ఇప్పుడు మొదలుపెట్టినా ఇంకో పన్నెండు రోజులు పడుతుంది."

"నిషేధం ఎత్తేసిన మొదటి వారం అంతా దాటిపోయాక వెళ్ళి ఏం ఏరుకుంటాం? అందరూ దువ్వేసిన సముద్రంలో?"

"పడవలో మన అయిదుగుర్నీ మనం ఏరుకుంటే చాలదా?"

నాన్న నవ్వాడు. నావైపు తిరిగి, "విన్నావా మీ బాబాయి మాట? ఆకాశంలో అరచెయ్యంత మబ్బు కనబడితే మంచం లోపల వేసుకునే రకం. పుట్టినప్పట్నుంచీ ఇంతే," అన్నాడు.

నేనూ నవ్వాను. బాబాయి కూడా నవ్వాడు, కానీ పలక మీద నుంచి బొటనవేలు తీయలేదు. ఆ సాయంత్రం ఆ రెండు పలకల మీద తగరపు రేకు పరిచి మేకులు కొట్టారు. దాని మీద తారు దట్టంగా పూసింది నేనే. బాగా పూశానని నాన్న మెచ్చుకున్నాడు.

మా ఇంట్లో మేము అయిదుగురం, పొయ్యి ఒక్కటే. అమ్మ, నాన్న, నేను, బాబాయి, పిన్ని. పిన్ని నాకంటే ఆరేళ్ళే పెద్దది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడకు వల అల్లడం రాదు. నేను నేర్పాను. ఏడాది తిరక్కముందే నాకంటే వేగంగా అల్లడం మొదలుపెట్టి, "గురువుగారూ, మీ ముడి వదులైంది," అని నన్నే ఏడిపించేది. పిల్లలు లేరని ఎవరైనా జాలిపడితే, "ఇంట్లో ఇద్దరున్నారుగా," అనేది, నన్నూ బాబాయినీ చూపించి.

ముందుగదిలో కిటికీ పక్కన వైర్‌లెస్ సెట్టు ఉండేది. బాబాయి ఎక్కడో పాతది సంపాదించి, మేడ మీద కర్ర పాతి తీగ కట్టాడు. పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ పడవతో మాట్లాడటం నా పని. గాలి ఎలా ఉంది, చేప ఏం పడింది, ఒడ్డున మంచు సిద్ధంగా ఉంచాలా, అంతే. సెట్టులో మేము పెట్టుకున్న ఫ్రీక్వెన్సీ మీద మా ఇల్లూ మా పడవా తప్ప ఎవరూ మాట్లాడేవారు కాదు. పడవ బాగా దూరం వెళితే ఏమీ అందదు. తిరిగొస్తున్నప్పుడు మాట తేటగా వినబడేది.

నిషేధం ఎత్తేసిన రోజే మావాళ్ళు వెళ్ళారు. అయిదుగురు. నాన్న, బాబాయి, వల లాగే ఇద్దరు, వంటకు ఉప్పన్న. ఉప్పన్న అసలు పేరు రేవులో చాలామందికి తెలియదు. కూరలో ఉప్పు ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువే పడుతుంది కాబట్టి ఆ పేరు. ముప్పై ఏళ్ళు దాటినా పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మకు ఒక్కడే కొడుకు. ఒడ్డున ఉన్నన్ని రోజులూ ఆవిడను బజారుకు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు.

మూడో రోజు సాయంత్రం ఆరింటికి సెట్టు పలికింది. బాబాయి గొంతు.

"అమ్మాయ్, వినపడుతోందా?"

"వినపడుతోంది బాబాయ్, చెప్పు."

"వెనక నీళ్ళు వస్తున్నాయే. ఆ పలకల దగ్గరే. పంపు ఆపితే చీలమండల దాకా వచ్చేస్తున్నాయి. ఇప్పుడే తిప్పేద్దామంటే మీ నాన్న..."

వెనక నుంచి నాన్న గొంతు వినబడింది. "ఇంకొక్క వల లాగి తిప్పుదాం అన్నానుగా. నువ్వు కిందికెళ్ళి పంపు చూడు."

"అన్నయ్యా, ఈ బరువుకి వల లాగితే వెనక భాగం తట్టుకోదు."

"నీకెన్నిసార్లు చెప్పాలి? పో కిందికి."

తర్వాత నాన్నే మాట్లాడాడు. "ఏం లేదమ్మా. కొంచెం చెమ్మ. మీ బాబాయి సంగతి నీకు తెలిసిందేగా. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాం. చేప బాగా పడింది, మంచు ఎక్కువ చెప్పి ఉంచు."

"సరే నాన్నా," అన్నాను. చెప్పులేసుకుని మంచు ఫ్యాక్టరీకి వెళ్ళి, పదిహేను దిమ్మలు ఎక్కువ చెప్పి వచ్చాను. దారిలో పాట కూడా పాడుకున్నట్టు గుర్తు.

మర్నాడు పొద్దున ఆరింటికి సెట్టు పలకలేదు. ఏడింటికీ లేదు. మధ్యాహ్నం వేరేవాళ్ళ పడవ ఒకటి రేవులోకి వచ్చింది. అందులో దుప్పట్లు కప్పుకుని ముగ్గురు కూర్చున్నారు. నాన్న, వల లాగే ఇద్దరు. పిన్ని గట్టు అంచున నిలబడి ఆ ముగ్గుర్నీ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నేను వెనక నుంచి ఆవిడను రెండు చేతులతో పట్టుకున్నాను.

నాన్న మెట్లెక్కి పైకి వచ్చాడు. పిన్నివైపు చూడలేదు. పడవల సంఘం పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఎలా జరిగిందిరా?" అని అడిగాడు.

 నాన్న నేల చూస్తూ, "నిద్రపోయాడు," అన్నాడు. "ఇంజన్ గదిలో పంపు ఆపేసి నిద్రపోయాడు. నీళ్ళు ఎప్పుడొచ్చాయో నాకు తెలియదు. వల పైకొచ్చేసరికి వెనక భాగం ఊడిపోయింది. లేపడానికి ఉప్పన్నను పంపాను. ఇద్దరూ పైకి రాలేదు."

నా చేతుల్లో పిన్ని ఒళ్ళు కర్రలా బిగుసుకుంది. నేను నాన్న ముఖం చూశాను. మూడు రోజుల గడ్డం, ఉప్పు పట్టిన కనుబొమలు. ముందే అల్లుకుని చెప్పిన అబద్ధంలా లేదది. నోట్లోకి ఏది ముందు వస్తే అది అన్నాడు. అన్నాక వెనక్కి తీసుకోవడానికి చుట్టూ రేవంతా నిలబడి ఉంది.

పది రోజులకు విచారణ అన్నారు. ఇద్దరు చనిపోయారు కాబట్టి రేవు కార్యాలయంలో అధికారి అందర్నీ అడిగి రాసుకోవాలి. వల లాగే ఇద్దరూ తాము పైన వల దగ్గర ఉన్నామనీ, లోపల ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో తమకు తెలియదనీ ముందే చెప్పేశారు. అది అబద్ధం కాదు, ఇంజన్ మోతలో అక్కడ పక్కవాడి మాటే వినబడదు. ఇక మిగిలింది నేను.

విచారణకు ముందురోజు అమ్మ బియ్యం ఏరుతూ, చేట మీద నుంచి కళ్ళెత్తకుండా అంది. "పోయినవాడు ఎలాగూ రాడు. ఈయన లైసెన్సు కూడా లాగేస్తే, ఒడ్డున కూర్చుని ఆర్నెల్లు బతకడు."

"అమ్మా, బాబాయి నిద్రపోలేదు."

"నేనేమన్నా అడిగానా నిన్ను?" అని అమ్మ చేట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు నలుగురం నడిచే వెళ్ళాం. అమ్మా పిన్నీ కొంచెం వెనక పడ్డారు. నాన్న నా ముందు నడుస్తున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, కాలరు దగ్గర మెడ బాగా సన్నబడింది. చేపల షెడ్లు దాటాక, తల తిప్పకుండానే అన్నాడు.

"ఆ సాయంత్రం గాలి ఎక్కువగా ఉంది. సెట్టులో గరగర తప్ప నీకేం వినపడి ఉండదు."

అది ప్రశ్న కాదు.  చెప్పులు లేకుండా వచ్చాడని అప్పుడే గమనించాను. చెప్పులు పడవతోనే పోయాయి. కొత్తవి కొనమని ఆయన అడగలేదు, మాకెవరికీ తోచలేదు.

రేవు కార్యాలయంలో మేడ మీద గది. ఫ్యాను తిరుగుతుంటే బల్ల మీది కాగితాలు ఎగరకుండా ఒక నట్టూ, ఒక పాత తాళంకప్పా పెట్టి ఉంచారు. అధికారి కళ్ళజోడు తుడుచుకుంటూ మెత్తగా మాట్లాడాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

"ఆ సాయంత్రం నువ్వు పడవతో మాట్లాడావా అమ్మా?"

"మాట్లాడానండి."

"ఎవరు మాట్లాడారు? ఏమన్నారు?"

గోడ పక్క బల్ల మీద పిన్ని కూర్చుని ఉంది. ఆ మాట అడిగినప్పుడు తలెత్తి నా ముఖంలోకి చూసింది. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. పొయ్యి మీద పాలు పెట్టి చూస్తున్నట్టు చూసింది.

"గాలి ఎక్కువగా ఉందండి," అన్నాను. "గరగర తప్ప ఏమీ వినపడలేదు."

ఆయన రాసుకున్నాడు. పిన్ని కళ్ళు దించుకుని కొంగు అంచున వేలాడుతున్న దారప్పోగు తెంపింది. "మీరేమైనా చెప్తారామ్మా?" అని ఆయన పిన్నిని అడిగాడు. "లేదండీ," అంది పిన్ని. బయటికి వచ్చేటప్పుడు మెట్ల మీద నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. చిన్నప్పట్నుంచీ ఆ చెయ్యంటే నాకు ప్రాణం. ఆ రోజు అది ఎప్పుడు తీస్తాడా అని మెట్లు లెక్కపెట్టాను.

రెండు వారాలకు కాగితం వచ్చింది. ఇంజన్ చూసేవాడి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. దాన్ని కార్యాలయం గోడకు అంటించారు. చదవడం రానివాళ్ళకు చదువు వచ్చినవాళ్ళు చదివి వినిపించారు.

ఆ మధ్యాహ్నమే ఉప్పన్న తల్లి మా ఇంటికి వచ్చింది. గుమ్మం ఎక్కలేదు. వీధిలోనే నిలబడి పిన్నిని పిలిచింది. పిన్ని వల పక్కన పెట్టి బయటికి వెళ్ళింది. నేను తలుపు చాటున ఉండిపోయాను.

"నీ మొగుడికి నిద్ర ఎలా పట్టిందే?" అని అడిగింది ఆవిడ. అరవలేదు. అరిస్తే నయంగా ఉండేది. "అయిదుగురి ప్రాణాలు చేతిలో పెట్టుకుని నిద్ర ఎలా పట్టింది? నా కొడుకు వాణ్ణి లేపడానికి వెళ్ళాడట. నేను లేపితే గాని పొద్దెక్కేదాకా లేవని పిల్లాడు, ఇంకొకణ్ణి లేపడానికి వెళ్ళి చచ్చిపోయాడు."

పిన్ని గుమ్మం ముందు అలాగే నిలబడింది.

"నోరు లేదా నీకు? ఒక్క మాటైనా అనవేం?"

పిన్ని లోపలికి వచ్చింది. నా పక్క నుంచే వెళ్ళి, చెంబుతో నీళ్ళు ముంచి తీసుకెళ్ళి ఆవిడకు ఇచ్చింది. ఆవిడ చెంబు తోసేసింది. నీళ్ళు పిన్ని చీర మీద పడ్డాయి. వీధిలో జనం చూస్తున్నారు. నాన్న వెనక గదిలో ఉన్నాడు. మంచం చప్పుడయింది గాని ఆయన బయటికి రాలేదు. ఆవిడ వెళ్ళేదాకా పిన్ని అక్కడే నిలబడి, తర్వాత కిందపడిన చెంబు తీసుకుని లోపలికి వచ్చింది.

తర్వాత మూడు వారాల్లో ఆవిడ మరో రెండుసార్లు వచ్చింది. పిన్ని ప్రతిసారీ బయటికి వెళ్ళి నిలబడింది.

ఆ నెలాఖరున ఒక ఉదయం పిన్ని బట్టలు సంచిలో పెట్టుకుంటోంది. దక్షిణాన ఇంకో రేవులో రొయ్యలు ఒలిచే షెడ్డులో పని దొరికిందని అమ్మకు చెప్పింది. అమ్మ వద్దనలేదు. దారిలో తినడానికి అన్నం కట్టింది. నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

"పిన్నీ, నీకో మాట చెప్పాలి."

"చెప్పక్కర్లేదు," అంది పిన్ని, చీర మడతపెడుతూ. "ఆ సాయంత్రం నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. బియ్యం కడుగుతున్నాను. మీ బాబాయి గొంతు వినబడితే ఇవతలికి వచ్చాను. అంతా విన్నాను."

 "మరి ఎందుకు చెప్పలేదు? ఆ అధికారి నిన్ను అడిగాడుగా."

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అంటారు. కూతురు తండ్రి మీద చెప్తే కాదనేవాడు ఉండడు." చీర సంచిలో పెట్టింది. "అందుకే నీ వైపు చూశాను."

"ఇప్పుడు వెళ్తాను పిన్నీ. ఈ పూటే వెళ్ళి అధికారితో చెప్తాను."

"ఇప్పుడు చెప్తే అది మీ బాబాయి కోసం కాదు, నీ మనసు తేలిక కావడానికి. చెప్పుకుంటే చెప్పుకో, నేను వద్దనను. నా కోసమని మాత్రం అనకు." సంచి మూతి కట్టి లేచింది. "మీ బాబాయి చివరిదాకా పంపు దగ్గరే ఉండి ఉంటాడు. నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలని రోజూ అనుకుంటున్నాను. చాలడం లేదు."

నేను ఏడుస్తూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. నేను వదిలేదాకా ఆగి, అమ్మ ఇచ్చిన అన్నం మూట తీసుకుని వెళ్ళిపోయింది.

నేను కార్యాలయానికి వెళ్ళాను. నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళాను, ఆ మాటా చెప్పాలి. ఆ అధికారి బదిలీ అయ్యాడు. ఆయన కుర్చీలో ఉన్న గుమాస్తా, ఫైలు మూసేశారనీ, మళ్ళీ తెరవాలంటే సంఘం తరఫున అర్జీ రావాలనీ అన్నాడు. సంఘం పెద్దాయన అప్పటికే నాన్నతో కలిసి వాటాకు ఇనుప పడవ తెస్తున్నాడు. నేను గుమ్మం దిగి, ఇంటికి రాకుండా ఉప్పన్న తల్లి ఇంటికి నడిచాను.

ఒక్క గది. ఆవిడ నేల మీద కూర్చుని పప్పు బాగుచేస్తోంది. తలుపు పక్కన ఉప్పన్న సైకిలు గోడకు ఆనించి ఉంది, రెండు చక్రాల్లోనూ గాలి లేదు. నేను నిలబడే మొత్తం చెప్పాను. పలకలు, రేకు, ఆరుగంటల మాట, నాన్న నాతో అన్నది, నేను అధికారితో అన్నది.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "అయితే వాడు నిద్రపోలేదు."

"లేదు."

"నా కొడుకు వాణ్ణి లేపడానికి వెళ్ళలేదు."

"పంపు కొట్టడానికి సాయం వెళ్ళి ఉంటాడు."

ఆవిడ సైకిలు వైపు చూసి, "ఈ సంగతి ఆ పిల్లకు చెప్పావా?" అంది.

"పిన్నికి మొదట్నుంచీ తెలుసు. తనూ విన్నది."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "తెలిసి... మూడుసార్లు... నా చేత అన్ని మాటలు పడిందా?"

నేను తల ఊపాను. ఆవిడ ఒళ్ళో ఉన్న పప్పు కింద పడిపోయింది. ఏరుకోలేదు. నన్ను తిడుతుందని ఎదురుచూశాను, తిట్టాలని కూడా కోరుకున్నాను. "ఎక్కడుంది ఇప్పుడు?" అంది. దక్షిణాన ఏదో రేవులో రొయ్యల షెడ్డు అన్నాను. ఏ రేవని అడిగింది. నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు పిన్నిని ఆ మాత్రం కూడా అడగలేదు.

"ఇక నువ్వు వెళ్ళు," అంది ఆవిడ.

ఆవిడ మర్నాడే ఇంటికి తాళం వేసి బస్సెక్కిందని విన్నాను. పిన్నిని కలుసుకుందో లేదో నాకెవరూ చెప్పలేదు. ఆ ఇంట్లోకి తర్వాత వేరేవాళ్ళు వచ్చారు.

ఆ వారమే నాన్నకు అన్నం పెడుతూ చెప్పేశాను, ఉప్పన్న వాళ్ళమ్మకు అంతా చెప్పానని. ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి కంచంలో అలాగే ఉంచాడు. కోప్పడతాడేమో అనుకున్నాను.

"వెళ్ళేటప్పుడు మీ పిన్ని నన్నేమైనా అందా?" అని అడిగాడు. పడవ మునిగాక ఆవిడ ఊసెత్తడం అదే మొదటిసారి.

"నీ గురించి ఒక్క మాటా అనలేదు."

ఆయన ఇంకేదో వింటానన్నట్టు కొంచెంసేపు చూశాడు. తర్వాత కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

పది రోజులకు ఇనుప పడవ నీళ్ళలోకి దిగింది. సంఘం పెద్దాయన మాట్లాడుతూ, తమ్ముణ్ణి పోగొట్టుకున్నా సముద్రాన్ని వదలని మనిషి అని నాన్నను పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న మెట్లు దిగి ఎవరివైపూ చూడకుండా చుక్కాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇంజన్ గదిలోకి ఎవరో కొత్తవాడు దిగాడు. ఆ సీజన్ ఆఖరిదాకా వాళ్ళకు చేప బాగా పడింది. నాన్న ఆ తర్వాత పదకొండేళ్ళు వేటకు వెళ్ళాడు. ఆ పదకొండేళ్ళూ నేనే అన్నం పెట్టాను. గాలి, మంచు, చేప తప్ప మా ఇద్దరి మధ్యా ఇంకో మాట నడవలేదు.